పిడికి పెట్టిన బొట్టు

పోయిన మంగళవారం తెల్లవారుతుండగా పిన్ని ఫోన్ చేసింది. "బాబాయ్ లేవట్లేదురా" అంది. నేను వాళ్ళుండే ఫార్మింగ్టన్ హిల్స్ చేరేసరికి పారామెడిక్స్ సామాను సర్దుకుంటున్నారు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

బాబాయ్ కార్ల కంపెనీలో బ్రేకులు డిజైన్ చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత విల్లుతో జింకల వేట నేర్చుకున్నారు. భుజం నొప్పి ముదిరాక విల్లు వదిలి, తుపాకీలా పిడి ఉండే క్రాస్‌బో పట్టారు. ఈ వేట సంగతి మనవాళ్ళలో చాలామందికి మింగుడుపడేది కాదు. పిన్నికి కూడా. ఆవిడ శాకాహారి. అందుకని గరాజ్‌లో వేరే పొయ్యి, వేరే గిన్నెలు ఉండేవి. "అవి నా వంటింటి గడప దాటితే నేను దాటి వెళ్ళిపోతా" అనేది. అవి ఏనాడూ దాటలేదు.

ఆ గరాజ్‌కే కొత్తగా వేట మొదలుపెట్టిన తెలుగు కుర్రాళ్ళు వచ్చేవారు. ఒక ఇంజనీరు ఫోన్‌లో బాణపు మొన బొమ్మ చూపించి, "అంకుల్, ఈ మెకానికల్ ములికి బుక్ చేసేయనా? కట్టింగ్ విడ్త్ అన్నిటికంటే ఎక్కువ" అన్నాడు.

"టీవీ కొంటున్నావా, వెడల్పు చూసి?" అన్నారు బాబాయ్. "నీ బో బలం ఎంత?"

"తక్కువేనండీ. బిగినర్ బో."

"అయితే మెకానికల్ వద్దు. బ్లేడ్లు కదలని మామూలు ములికి పెట్టుకో."

ఆయన చెప్పేది సూటిగా ఉండేది. మెకానికల్ ములికి గాలిలో రెక్కలు ముడుచుకుని పోతుంది కనుక గురి తప్పదు. తగిలాక బ్లేడ్లు విచ్చుకుంటాయి. గాయం వెడల్పుగా పడుతుంది, జంతువు ప్రాణం త్వరగా పోతుంది. అయితే విచ్చుకోవడానికే కొంత బలం ఖర్చవుతుంది. బో బలహీనమైతే లోపలికి దిగడానికి బలం మిగలదు. క్రాస్‌బోకి బలం చాలు గానీ, ఆ విసురుకి బ్లేడ్లు గాలిలోనే తెరుచుకోవచ్చు. దానికి బ్లేడ్లను మూసి ఉంచే పట్టు గట్టిగా ఉన్నవే కొనాలి. కొన్నాక ప్రతిదాన్నీ తోలు చుట్టిన ఫోమ్ దిమ్మ మీద కొట్టి చూడాలి. "తగలడం గొప్ప కాదు. అది ఎక్కువసేపు బాధపడకుండా పోవాలి. ఆ హామీ ఇవ్వలేకపోతే ఇంట్లో కూర్చో" అనేవారు.

ఆ హామీ ఆయనకే తప్పిన ఉదయం నేను పక్కనే ఉన్నాను.

ఆ ఏడాది దసరా వేట సీజన్ మధ్యలో వచ్చింది. బాబాయ్ ఇంట్లో ఆయుధ పూజ గరాజ్‌లోనే. కార్లు, స్పానర్లు, గడ్డి కోసే మోవర్, వాటి పక్కన క్రాస్‌బో, బాణాలు. పసుపూ గంధమూ కలిపి తడిపి ప్రతి ములికికీ వేలితో అద్దారు. పైన కుంకుమ. "ఏమండీ, మోవర్‌కి కూడా కొబ్బరికాయ కొడతారా?" అని పిన్ని నవ్వింది. ములికుల పరీక్షలన్నీ పూజకు ముందే అయిపోయాయి. పూజ తర్వాత వాటినెవరూ ముట్టుకోలేదు.

రెండు రోజులకు, వేట సీజన్ మీద మా పత్రికకు వార్త రాయడానికి ఆయన వెంట వెళ్ళాను. ఊరికి ఉత్తరాన ఒక రైతు పొలం. తెల్లారాక మొక్కజొన్న చేను అంచున ఆడజింక వచ్చింది. బాబాయ్ కొట్టారు. జింక పరిగెత్తలేదు. వీపు వంచుకుని మెల్లగా పొదల్లోకి నడిచింది. ఆయన ముఖం మారింది.

బాణం అవతల నేలలో దిగి ఉంది. ఒక బ్లేడు తెరుచుకుంది, రెండోది మూసే ఉంది. రక్తం ముదురు రంగులో ఉంది. ఊపిరితిత్తులకు తగిలితే నురుగుంటుంది. నురుగు లేదు, అంటే వెంటనే చావదు. పడమట మబ్బు పడుతోంది.

"వెళ్దామా బాబాయ్?"

"కూర్చో."

"వాన వచ్చేస్తోంది."

"కనిపిస్తోందిరా. ఇప్పుడు వెంటపడితే లేచి పారిపోతుంది, ఎక్కడో పడి చస్తుంది, మనకు దొరకదు. ఆగితే వాన రక్తం కడిగేస్తుంది. ఏది చేసినా తప్పే. తక్కువ తప్పు చేద్దాం."

జింక మాయమైన పొదకు నారింజ రంగు టేప్ కట్టి వచ్చి కూర్చున్నారు. వాన మొదలైంది. ఆయన టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. నాకు లేచి పరిగెత్తాలని ఉంది. ఆయన పెదవులు కదులుతున్నాయి.

చాలాసేపటికి లేచాం. రక్తపు చుక్క ఒక్కటీ మిగల్లేదు. టేప్ కట్టిన పొద నుంచి పల్లంలో ఉన్న వాగు వైపు నడిచారు. గాయపడ్డ జింక నీటి వైపే పోతుందన్నారు. కొన్నిచోట్ల మోకాళ్ళ మీద పాకుతూ గడ్డి వంగిన తీరు చూశారు. వాగు ఒడ్డున జమ్ముగడ్డిలో అది పడుకుని ఉంది. తల ఎత్తే ఉంది. మమ్మల్ని చూస్తోంది.

బాబాయ్ క్రాస్‌బో తాడు లాగి బిగించారు. రెండో బాణం తీసి, పెట్టేముందు ములికి బ్లేడును బొటనవేలితో తెరిచి చూశారు. అది కదల్లేదు. మళ్ళీ నొక్కారు. వేలు పచ్చగా అయింది.

ఆయన ఆ వేలు వైపు ఒక్క క్షణం చూశారు. తర్వాత ములికిని వానలో పట్టుకుని, కీలు సందులో ఎండి బిగుసుకున్న పసుపు గంధాన్ని గోటితో గీకసాగారు. జింక లేవబోయి కూలబడింది. చివరికి బ్లేడు టక్కుమని తెరుచుకుంది. మూసి, బాణం పెట్టి, కొట్టారు. ఈసారి తల వెంటనే వాలింది.

ఆయన దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. తిరిగొస్తూ కారులో ఒకే మాట అన్నారు. "బ్రేక్ పిన్నులో జిగురు చేరితే ఏమవుతుందో ముప్ఫై ఏళ్ళు జీతం తీసుకుని చెప్పినవాణ్ణి."

ఆ వారాంతం ఒక ఇంట్లో భోజనాల దగ్గర, ఎవరూ అడక్కుండానే, జరిగిందంతా చెప్పారు. "విస్తరి ముందు ఆ మాటలెందుకండీ" అంది పిన్ని. "తినేవాళ్ళే వినాలి" అన్నారు. నా వృత్తిలో 'పొరపాటు జరిగింది' అనేవాళ్ళనే ఎక్కువ చూశాను. ఆయన 'చేశాను' అన్నారు. అప్పటినుంచి గరాజ్‌కి వచ్చిన ప్రతి కుర్రాడికీ వెడల్పు, బలం, పట్టు చెప్పాక చివర్లో ఇంకో మాట చెప్పేవారు. "బొట్టు పిడికి. ములికికి కాదు." పూజ మాత్రం మానలేదు.

మొన్న పిన్నీ నేనూ గరాజ్ తెరిచాం. ఆ ఇంజనీరుకి క్రాస్‌బో ఇవ్వమని బాబాయ్ ఎప్పుడో చెప్పారట. పిడి మీద ఏటేటా ఒకే చోట పెట్టిన బొట్టు పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. పిన్ని ఎన్నడూ ఆ బాణాలను తాకలేదు. ఆ రోజు ఒకటి తీసింది.

"ఇదేనట్రా తెరుచుకోవాల్సింది?"

"అదే. జాగ్రత్త పిన్నీ, కోసుకుంటుంది."

మెల్లగా నొక్కింది. బ్లేడు చప్పుడు లేకుండా విచ్చుకుంది. పిన్ని గరాజ్ తలుపు దగ్గరికి నడిచి, బొటనవేలు వెలుతురులో పెట్టి చూసుకుంది. పసుపు అంటలేదు.