తీగల కింద గుడ్డ

గిటారు నేర్చుకోవడానికి మా వరుస క్వార్టర్ల కంటే పనికిరాని చోటు ఇంకోటి ఉండదు. గోడకు ఇటు మేం, అటు వాళ్లు. పక్కింట్లో తుమ్మితే మా ఇంట్లో ప్రయాణం ఆగుతుంది. పైగా బొగ్గుబాయి ఊరు కాబట్టి ఏ వేళలో చూసినా ఆ వరుసలో ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉంటారు. పట్టపగలు గుమ్మం ముందు గమ్‌బూట్లు విడిచి ఉన్నాయంటే లోపల రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి పడుకున్నాడని అర్థం. ఆ ఇంటి ముందు పిల్లలు గోల చెయ్యరు, ఆడవాళ్లు కారం దంచరు. ఇవన్నీ పుట్టినప్పటి నుంచీ తెలిసి కూడా నేను గిటారు కొన్నాను.

ఎందుకు కొన్నావంటే పెద్ద కథేమీ లేదు. నేను ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. గొంతు చించుకుని ఇంటికొచ్చాక, నోరు తెరవకుండా చేసే పని ఏదైనా ఉంటే బాగుండనిపించేది. ఒక ఆదివారం కరీంనగర్ వెళ్లి కొనుక్కుని, బస్సులో ఒళ్లో నిలబెట్టుకుని గోదావరి దాటించాను. అవ్వ, అంటే మా అమ్మ, దాని చుట్టూ తిరిగి చూసి, "గింత డబ్బా పట్టె జాగ యాడున్నదే ఇంట్ల?" అంది. చివరికి బియ్యం డ్రమ్ము పక్కన నిలబెట్టాం.

ఒంటిపూట బడుల కాలం. మధ్యాహ్నం అన్నం తిని, ఫోన్‌లో వీడియో పెట్టుకుని కూర్చునేదాన్ని. వీడియోలో అబ్బాయి నవ్వుతూ మూడు వేళ్లు మూడు మెట్ల మీద పెట్టి ఒక్కసారి మీటితే గది నిండేది. నేను మీటితే సగం తీగలు గొణిగేవి, సగం అసలు పలికేవి కావు. ఎడమచేతి వేళ్ల కొసలు తీగ గీతలు పడి మండేవి. ఆ చేత్తో పచ్చిమిరపకాయ పట్టుకోవాలంటే ఏడుపొచ్చేది. ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు చెయ్యి మారేలోపు పాట ఊరు దాటిపోయేది.

మొదటి రోజుల్లో నన్ను మెచ్చుకున్నది బాపు ఒక్కడే. పొద్దటి షిఫ్టు చేసి మధ్యాహ్నం వచ్చి, స్నానం చేసి, నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. "మంచిగ మోగుతున్నది బిడ్డా, ఆపకు," అనేవాడు. ఆయన చెవులకు అది వినపడటమే నాకు గొప్ప.

ఎందుకంటే బాపు చెవుల సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరమూ మాట్లాడం. బాయిలో ఆయన పని పైకప్పు కూలకుండా సపోర్టులు నిలబెట్టడం. బొగ్గు తీసిన చోట పైన బండ ఊరికే కూలదు. ముందు సన్నగా చిట్‌చిట్‌మంటుంది. అది విన్నవాడు బయటపడతాడు. బాపు ఎన్నోసార్లు అది విని తాను బయటపడ్డాడు, పక్కవాళ్లనూ నెట్టుకొచ్చాడు. కానీ డ్రిల్లింగ్ మిషన్ల పక్కన నిలబడీ నిలబడీ చెవులు మందగించాయి. పూర్తిగా పోయాయని తేలితే బాయిలోకి దిగనివ్వరు, పైన ఏదో పని అప్పజెప్తారు. బాపు దృష్టిలో పైన పని అంటే కుర్చీకి కట్టేసినట్టే. అందుకని మేం గట్టిగా మాట్లాడేవాళ్లం, ఆయన గట్టిగా జవాబిచ్చేవాడు, అలా బండి నడిచిపోయేది.

కొన్నాళ్లకు పక్కింటి అమ్మాయి మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహమాటంగా, "అక్కా, ఏమనుకోకు. మా ఆయినకు నైట్ షిఫ్టు. జర మెల్లగ వాయిస్తవా?" అంది. చూస్తే గమ్‌బూట్లు బయటే ఉన్నాయి. నాకు సిగ్గేసింది. మర్నాడే అవ్వ పాత చీర ముక్క చింపి, మడతపెట్టి, తీగలు కింద కట్టెకు ముడిపడే చోట వాటి కింద దూర్చాను. ఇక మోత లేదు. ఎంత గట్టిగా మీటినా టక్ టక్‌మని చెక్క తట్టినట్టు ఉండేది. పక్కాయన నిద్ర చెడలేదు, నా తప్పులు నాకూ వినపడేవి కావు. చాలా సుఖంగా ఉండేది. ఆ గుడ్డ తీయాలన్న ఆలోచనే మళ్లీ రాలేదు.

అదే నెలలో బాపు డ్యూటీకి నాగా పెట్టడం మొదలుపెట్టాడు. జ్వరమొచ్చినా నాగా పెట్టని మనిషి. అడిగితే మోకాలు నొప్పి అన్నాడు. మోకాలికి జండూబామ్ రాయబోతే వద్దన్నాడు. అవ్వ పరేషాన్ అయింది. "ఏమైందో ఏమో, రాత్రంత నిద్ర వోతలేడు," అని నా దగ్గర గొణిగింది. మధ్యాహ్నాలు మాత్రం ఎప్పటిలాగే నా ఎదురుగా కూర్చునేవాడు. మెచ్చుకునేవాడు కాదు. నా వేళ్ల వైపే రెప్ప వెయ్యకుండా చూసేవాడు. నా వాయింపు మీద విసుగొచ్చిందేమో అనుకుని లోపల కొంచెం మండిపడ్డాను కూడా.

ఒకరోజు అవ్వ రేషన్ షాపుకు పోయింది. బాపు దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"బిడ్డా, ఒకటి అడుగుత. మీ అవ్వకు చెప్పకు."

"ఏంది బాపూ?"

"నువ్వు వాయించుడైతే వాయిస్తున్నవు గదా?"

"మరి ఏం జేస్తున్న?"

"నాకు వినవడ్తలేదు బిడ్డా. మొదట్ల మంచిగనే వినవడ్డది. తర్వాత మొత్తం బంద్ అయింది. మీ మాటలంటె మీరు ఒర్రుతరు గనుక వినవడ్తున్నయ్. గిట్లాంటి చెవులతోని కప్పు కిందికి ఎట్ల వోవాలె? నేనొక్కన్నే అయితె ఫికర్ లేదు. నన్ను నమ్ముకొని ఇంక మంది ఉంటరు."

ఇన్ని రోజులూ ఈ మనిషి నా ఎదురుగా కూర్చుని, కదిలే నా వేళ్లను చూస్తూ, తన చెవులు పోయాయని ఒక్కడే నిశ్చయించుకున్నాడు. నన్ను నేను నాలుగు తిట్టుకుని, ఆ గుడ్డను లాగి ఆయన చేతిలో పెట్టాను.

"నీ చెవులు కాదు బాపూ. ఇగో, ఇది! పక్కాయన పండుకుంటడని నేనే దూర్చిన."

ఆయన గుడ్డను తిప్పి తిప్పి చూశాడు. నేను ఆరు తీగలూ కలిపి బలం కొద్దీ మీటాను. గిన్నెల స్టాండు కూడా మోగింది. బాపు ముఖం చిన్నపిల్లవాడి ముఖమైంది. "వినవడ్డది! వినవడ్డది బిడ్డా!" అని అరిచాడు. నేను ఏడ్చేశాను. పక్కింటి తలుపు గడియ తీసిన చప్పుడైంది. తిడితే పడదామనుకున్నాను.

"ఒక్కోటి కొట్టు," అన్నాడు బాపు, ఆశ పెరిగి. పైన లావు తీగ మీటాను. తలూపాడు. ఒక్కొక్కటే కిందికి వచ్చాను, ప్రతిదానికీ తలూపాడు. అన్నిటికంటే సన్న తీగ పట్టుకుని, ఒక్కో మెట్టు ఒత్తుకుంటూ పైకి పోయాను. చప్పుడు సన్నబడుతూ పోతోంది. బాపు తలూపుతూనే ఉన్నాడు. తర్వాత ఊపడం ఆగింది.

"కొట్టు బిడ్డా," అన్నాడు.

అప్పటికే కొట్టాను. నా చెవికి ఇంకా మోగుతోంది.

ఇంకా కొట్టలేదని చెబుదామా అనిపించింది. కింది మెట్టుకు దిగి కొడితే సంతోషంగా తలూపుతాడు, రేపు డ్యూటీకి పోతాడు. కానీ బాయిలో ఆయన వినాల్సిన చప్పుడు కూడా సన్నదే. నాకు భయమేసింది.

"కొట్టిన బాపూ."

ఆయన నవ్వబోయి ఆగాడు. "మల్ల కొట్టు," అని కళ్లు మూసుకున్నాడు. కొట్టాను. ఆ మోత పూర్తిగా అణిగిపోయాక కూడా ఆయన అలాగే, ఇంకా రాబోయేదాని కోసం చెవి ఒగ్గి కూర్చున్నాడు. నేను మోచెయ్యి తాకితే కళ్లు తెరిచాడు. నా ముఖం చూశాడు.

చేతిలోని గుడ్డను మడతపెడుతూ, "రేపు కరీంనగర్ పోదాం," అన్నాడు. "గీ డబ్బాను గూడ వట్టుకరా. యాడిదాక వినవడ్తదో, యాడ ఆగిపోతదో, డాక్టర్‌కు గిట్లనే కొట్టి చూపియ్యి."