అవ్వ చూసిన మనిషి

నిన్న సాయంత్రం ఇక్కడ కువైట్‌లో, జహ్రాలో, మా వీధి మొదట ఉన్న బకాలా అనే సరుకుల కొట్లో తొక్కతో ఉన్న వేరుశనక్కాయలు ఒక సంచి కొన్నాను. గదిలోకి వచ్చి సంచి మూతి విప్పగానే ముందు ఎర్రమన్ను వాసన, దాని వెనక గోనెపట్ట వాసన, ఇంకా వెనక ఎక్కడినుంచో మా అవ్వ తలకు రాసుకునే ఆముదం వాసన వచ్చాయి. ఆ కాయలు ఏ దేశంలో పండి ఓడెక్కాయో నాకు తెలియదు. ఒకటి చిదిమాను గానీ తినబుద్ధి కాలేదు. నేను కారు నడిపే ఇంటి యజమానురాలు, మేమందరం మామా అని పిలిచే ఆమె, ఆ పొద్దునే అడిగింది, ఇంకో డ్రైవరు కావాలి, మీ ఊళ్ళో నమ్మకమైనవాడు ఉన్నాడా, వీసా తీయిస్తాను అని. ఉన్నాడన్నాను గానీ పేరు చెప్పలేదు. పేరు చెప్పాలంటే ముందు అతని తండ్రికి ఫోను చేయాలి. చేయలేక, కూర్చోలేక, గుప్పెడు కాయలు గలగలలాడిస్తూ గదంతా తిరిగాను.

మా ఊళ్ళో వీటిని బుడ్డలంటాం. మృగశిర కార్తె దగ్గరపడిందంటే మా పంచలో విత్తనం బుడ్డలు ఒలిచే పని మొదలయ్యేది. ముందురోజే నీళ్ళు చిలకరించి గోనెల కింద మగ్గబెట్టిన కాయల కుప్ప చుట్టూ ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు చేరేవాళ్ళం. వేళ్ళు పొక్కులెక్కి, గోళ్ళ సందుల్లో మన్ను దిగి మంటపుడుతున్నా లేవబుద్ధయ్యేది కాదు, ఎందుకంటే మధ్యలో బెల్లం ముక్క వచ్చేది, పొద్దుగూకితే రాగిసంగటిలోకి పచ్చిమిరపకాయలు దంచిన ఊరుబిండి వచ్చేది, అన్నిటికీ మించి కథలు వచ్చేవి. కాయ మూతి కొంచెం నొక్కి చెవి తమ్మెకు తగిలించుకుని కమ్మలు పెట్టుకున్నామని పిల్లలం తలలూపుతుంటే, విత్తనం పాడవుతుందని అవ్వ తిట్టేది. ఆ తిట్టు కూడా పనిలో భాగమే.

ఆ ఏడాది అవ్వ చెప్పిన కథ ఒక్కటే. పెద్దింటివాళ్ళ బోరు దగ్గర మోటారు కేబులు పోయింది. ఆ మునిమాపున గడ్డిమోపుతో వస్తున్న అవ్వకు, గాలిదుమ్ములో, తలకు తువ్వాలు చుట్టుకుని భుజాన వైరు చుట్టతో పోతున్న మనిషి కనిపించాడు. రెండు రోజులకు పోలీసులు మా ఊళ్ళోనే ఉండే, నాకు వరసకు చిన్నాయనయ్యే ఓబులేసును మా వాకిట్లోకి తెచ్చి నిలబెట్టారు. మోటార్లకు రాగితీగ చుట్టడం ఆయన పని, ఇంట్లో తీగ దొరికింది, అంతే అనుమానం. పనికిరాని తీగముక్కలతో మాకు బొమ్మబండ్లు చేసిచ్చేవాడు ఆయన. ఆ పొద్దు మా వంక చూడలేదు.

"ఈయప్పేనామ్మా?" అన్నాడు పోలీసాయన.

అవ్వ చాలాసేపు చూసింది. "ఈ మాదిరే ఉన్న్యాడు సామీ" అంది.

కుప్ప దగ్గర కూర్చుని నేను ఆ కథ వినీ వినీ ఉన్నాను. పోలీసులు రాకముందు చెప్పినప్పుడు 'ఎవురో మనిషి'. వచ్చిపోయిన తర్వాత 'పొడుగాటోడు'. ఆ పైన తువ్వాలు కొంచెం పక్కకు జరిగింది, ఇంకొన్నాళ్ళకు ఆ మనిషి వెనక్కి తిరిగి అవ్వ వైపు చూశాడు, కోర్టు పిలుపు వచ్చేసరికి చిన్నాయనకు ఉన్నట్టే చెంప మీద పుట్టుమచ్చ కూడా కనిపించింది. అవ్వ అబద్ధమాడలేదు. ఒక్కో కాయ ఒలిచినట్టే ఒక్కోటీ ఆమెకు తేటపడుతూ వచ్చింది. కోర్టులో గట్టిగా వేలు చూపించి చెప్పిందట. ఓబులేసు చిన్నాయనకు ఆరు నెలల శిక్ష పడింది.

అప్పటికే ఆయనకు కువైట్ నుంచి వీసా వచ్చి ఉంది, ఇదే జహ్రాలో, ఇదే ఇంట్లో డ్రైవరు పనికి. కేసు ఉన్నవాడికి పాస్‌పోర్టు రాలేదు. వచ్చిన పని చెడిపోకూడదని దాన్ని తెచ్చిన బంధువు, లారీ నడిపే మా నాన్నను అడిగాడు. నాన్న బయల్దేరాడు. ఆ తర్వాత మా ఇంట్లో పులిబొమ్మ దుప్పటి, పాలపొడి డబ్బాలు, తలనొప్పి బామ్, అంటుకుపోయిన ఖర్జూరపు ముద్దలు. నాన్న సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ బుడ్డల కుప్ప దగ్గరే కూర్చుని కువైట్ చెప్పేవాడు: గేటుకు చెరో పక్క ఖర్జూరం చెట్టు, మధ్యలో కారు పట్టేంత దారి. చిన్నాయన అక్కడుంటే ఆ మాట మొదలుకాగానే లేచిపోయేవాడు.

కొన్నాళ్ళకు పక్క జిల్లాలో రాగితీగల దొంగలు పట్టుబడి మా ఊరి బోరు పేరు కూడా చెప్పారు. అప్పటికి చిన్నాయన శిక్ష అనుభవించి వచ్చేశాడు. కేసు తిరగదోడడానికి లాయరు దగ్గరికి పోయేంత స్తోమత ఆయనకు లేదు, పోదామన్నవాళ్ళూ లేరు. అవ్వ మాత్రం పోయేదాకా ఒకటే మాట. "ఎవురేమన్నా సెప్పనీ. నా కండ్లకు ఆ మొగం ఇప్పుటికీ కనపడ్తాంది."

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. కానీ మా ఊరి గ్రంథాలయంలో బీరువా తర్వాత బీరువా చదివాను. నాన్న తర్వాత అదే పనికి ఇక్కడికి వచ్చాక పిల్లల బడి ముందు, ఆసుపత్రి ముందు కారులో కాచుకునే గంటల్లో నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలూ చదివాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు. వాటిలో సాక్షుల గురించిన పుస్తకం ఒకటి నన్ను నిద్రపోనివ్వలేదు. జ్ఞాపకం దాచిపెట్టిన ఫోటో కాదట, తీసిన ప్రతిసారీ మళ్ళీ గీసే బొమ్మట. ఒక్క మనిషినే ఎదుట నిలబెట్టి ఇతనేనా అని అడిగితే, అంతకుముందు చూసిన మసక మొహం మీద ఈ మొహం వచ్చి కూర్చుంటుందట. అక్కణ్ణుంచి సాక్షికి నమ్మకం పెరుగుతుంది, నిజం పెరగదు. మా వాకిలి చూసి రాసినట్టే ఉంది.

చివరికి ఫోను చేశాను.

"కువైట్ నెంబరే. నువ్వు పంపిచ్చిన బామ్ ఐపోయిందని ఎట్ల తెలిసెరా నీకు?" అన్నాడు చిన్నాయన.

వీసా సంగతి చెప్పాను.

"అదే ఇల్లా?"

"అదే, చిన్నాయనా."

"పంపిచ్చా. మావోనికి లైసెన్సు ఉండాది."

"చిన్నాయనా, మా అవ్వ ఆ పొద్దు..."

"మీ యవ్వ అబద్దాలాడే మనిషి గాదులేరా. సూసింది. సూసింది నన్ను గాదు, అంతే." పొయ్యి మీది గిన్నె దించిన చప్పుడైంది. "ఆ ఇల్లెట్లుంటాదో సెప్పు. మీ నాయిన సెప్తాంటే నేను లేసిపోయేటోణ్ణి."

నేను కళ్ళు మూసుకుని చెప్పాను. తెల్లగోడ, ఇనుపగేటు, గేటుకు చెరో పక్క ఖర్జూరం చెట్టు.

"రెండు సెట్లు. సరే, మావోనికి గురుతు సెప్తా."

ఈ పొద్దున కారు తీయడానికి వస్తే గేటు పక్కన చెట్టు ఒకటే ఉంది. రెండో పక్క రాతిపలకలు పరిచి ఉన్నాయి, ఏళ్ళ నాటివి, అరిగిపోయాయి. నా కంటే ముందునుంచీ ఈ ఇంట్లో వంట చేస్తున్న గోదావరి జిల్లా మరియమ్మగారు కుండీలకు నీళ్ళు పోస్తున్నారు.

"ఇక్కడి చెట్టు ఎప్పుడు కొట్టేశారమ్మా?"

"చెట్టేంటండీ? నేనొచ్చిన కాణ్ణుంచీ ఒకటేనండి. రోజూ కారు దీని పక్క నించే కదా తిప్పుతారు మీరు?"

మా ఊళ్ళో ఇప్పుడు విత్తనం బుడ్డలు మిషను ఒలుస్తుంది. ఆ పంచ లేదు, అవ్వ లేదు, నాన్న కూడా పోయాడు. ఆయన చూసిన రెండో చెట్టు ఎప్పుడు పోయిందో, అసలు ఉండేదో లేదో చెప్పేవాళ్ళు లేరు. కారు స్టార్టు చేయకుండా ఫోను చేతిలోకి తీసుకున్నాను, చెట్టు ఒకటేనని చిన్నాయనకు చెప్పాలి. నంబరు నొక్కుతూ ఒకసారి కళ్ళు మూసుకున్నాను. రెండూ ఉన్నాయి.