దాగలి ముందు బొమ్మ

ఆ ఆదివారం మధ్యాహ్నం మరో ఇద్దరు వింటూ ఉండగా మా బావతో, "రెండు చేతులూ వాడు బావా" అన్నాను. మా బావకి కుడిచేతి బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లూ లేవు. అవి ఎలా పోయాయో ఆ ఇద్దరికీ తెలుసు. నాకు వాళ్లకంటే బాగా తెలుసు.

అప్పుడు మేం నలుగురం ఫోన్లలో ఆట ఆడుతున్నాం. ఎవరింట్లో వాళ్లం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒకరి మాట ఒకరికి వినిపిస్తూ. నేను గాజువాకలో. మా అక్క భర్త, అంటే బావ, కంచరపాలెంలో. మిగతా ఇద్దరూ నాతోపాటు ఆటోనగర్ వర్క్‌షాపులో పనిచేసేవాళ్లు, ఒకడు వెల్డరు, ఒకడు ఫిట్టరు. ఆటలో మాదొక చిన్న దళం, దానికి పెద్దని నేను. ఆ రోజు గుహలో ఉండే రాతిమనిషి మీదికి వెళ్లాం. వాడు గుద్దే క్షణానికి మాలో ముందున్నవాడు డాలు ఎత్తాలి. ఎడమ బొటనవేలితో నడవాలి, కుడి బొటనవేలితో డాలు ఎత్తాలి. ముందున్నవాడు మా బావ.

బావ ఫోన్ని తొడమీద దిండు పెట్టుకుని దాని మీద ఆనించి, ఎడమచేత్తోనే ఆడతాడు. నడిస్తే డాలు ఎత్తలేడు, డాలు ఎత్తితే నడవలేడు. మూడుసార్లు అందరం చచ్చిపోయాం.

"డాలెత్తు బావా, వస్తన్నాడు" అన్నాను నాలుగోసారి.

"ఎత్తుతన్నాను."

"ఎత్తితే మనమెందుకు సచ్చిపోతాం?" అన్నాడు వెల్డరు. "డాలు కింద పరుసుకుని తొంగున్నట్టున్నాడు మీ బావ."

ఫిట్టరు నవ్వాడు. బావ కూడా నవ్వాడు. రాతిమనిషి చెయ్యి పైకి లేచింది. అప్పుడే ఆ మాట అన్నాను. కోపంతో కాదు, ఆట వేడిలో అన్నాను. అలా అనుకుంటే తప్పు తగ్గుతుందేమోనని చాలాసార్లు అనుకుని చూశాను. తగ్గలేదు.

రాతిమనిషి గుద్దాడు, నాలుగోసారీ అందరం చచ్చిపోయాం. తరవాత బావ, "సరే బావా. నాను కాసేపు నడుం వాలుస్తాను" అన్నాడు. ఆటలోంచి వెళ్లిపోయినట్టు తెరమీద అతని పేరు బూడిద రంగులోకి మారింది.

మేం ఇద్దరం ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటాం. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నాకు పని నేర్పిన మనిషి.

ఆ ఆట అతని ఫోన్లో పెట్టింది నేనే. గాయం మానాక ఇంట్లో ఊరికే కూర్చునేవాడు. కిటికీ పక్కన మంచం, కిటికీలోంచి రైలు పట్టాలు. గూడ్సు బళ్లు వెళుతుంటే ఏ పెట్టె చక్రం అరిగిపోయిందో చప్పుడుని బట్టి అక్కకి చెప్పేవాడు. అక్క కుట్టుమిషను ముందునుంచి లేవకుండా ఊఁ కొట్టేది. కాలక్షేపం అవుతుందని ఆట పెట్టి ఫోను చేతికిచ్చాను.

ఆ ఆటలో దిగేముందు ఒక క్లాసు ఎంచుకోవాలి. కత్తివాడు, విల్లువాడు, గాయాలు మాన్పేవాడు, డాలువాడు. ఐదో బొమ్మ అన్నిటికంటే చివర, తోలు గుడ్డ కట్టుకుని దాగలి అనే కమ్మరి ఇనుపదిమ్మ ముందు సుత్తితో నిలబడ్డ మనిషి. ఆటలో వాణ్ణి క్రాఫ్టర్ అంటారు. బావ మిగతా నాలుగింటినీ ఒకసారి చూసి ఐదో దాని దగ్గర ఆగిపోయాడు.

"ఈడేటి సేత్తాడు బావా?"

"కొట్లాటకి రాడు. కొలిమికాడే ఉంటాడు. మనం ఖనిజం తవ్వి తెచ్చిస్తే కత్తులూ గొడ్డళ్లూ సేసిస్తాడు."

"ఒంటిసేత్తో అవుద్దా?"

"అవుద్ది. ఒకటి తరవాత ఒకటి నొక్కుకుంటా పోవడమే. తొందరేటీ ఉండదు."

ఆ బొమ్మ మీదినుంచి చూపు తిప్పకుండానే మళ్లీ అడిగాడు. "సేసినోడి పేరుంటాదేటి దాని మీద?"

ఉంటుందని చెప్పాను. ఎవరి చేతికి వెళ్లినా, ఆ కత్తి మీద నొక్కితే కింద చేసినవాడి పేరు కనిపిస్తుంది.

ఆ ప్రశ్న ఎందుకడిగాడో నాకు తెలుసు. బావ ఇరవయ్యేళ్లు మా వర్క్‌షాపులోనే లేత్ మిషను మీద పనిచేశాడు. హార్బరు నుంచి మరమ్మతుకొచ్చే పంపుల షాఫ్టులు అతని చేతికే వచ్చేవి. పని పూర్తయ్యాక ప్రతి షాఫ్టు చివరా సెంటర్ పంచ్ మొన ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఆవగింజంత చుక్క పడేది. ఎవరూ కొట్టమనలేదు, ఎవరూ చూసేవారు కాదు. ఎప్పుడైనా ఏళ్ల తరవాత అదే షాఫ్టు తిరిగొస్తే నూనెగుడ్డతో చివర తుడిచి, చుక్క చూసుకుని, "ఏరా, ఎలగున్నావ్" అనేవాడు దానితో.

ఇంత తెలిసీ నేను అతని చేతిలోంచి ఫోను తీసుకున్నాను. "అది వద్దు బావా. మాకు ముందు నిలబడేవోడు లేడు. నువ్వు నిలబడితే సాలు" అన్నాను. డాలువాడి బొమ్మ నొక్కేశాను. ఒకసారి నొక్కితే ఇక మారదు. మార్చాలంటే ఆ మనిషినే చెరిపేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

"సర్లే. నీకు తెలుసు కదా" అన్నాడు బావ.

సుత్తి, కొలిమి చూస్తే పోయిన పని గుర్తొచ్చి బాధపడతాడని అలా చేశానని అక్కకి చెప్పాను. అబద్ధం. మా దళానికి డాలువాడు లేడు, అంతే. ఎనిమిది నెలలు అతను అక్కడే నిలబడి దెబ్బలు తిన్నాడు.

ఆ ఆదివారం అతని పేరు బూడిద రంగులోకి మారాక నేను ఇయర్‌ఫోన్లు తీసి కూర్చున్నాను. నిలబడితే సాలు. ఈ మాట అంతకుముందు కూడా ఒకసారి అన్నాను, అతనితోనే.

మా వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. పొద్దున్న ఇన్‌ఛార్జి సుద్దముక్క పట్టుకుని తిరుగుతాడు. ఏ మిషను మీద ఎవరు నిలబడాలో వాళ్ల పేరు మొదటి అక్షరం ఆ మిషను పక్కన రాస్తాడు. రాశాక మాటల్లేవు, వెళ్లి నిలబడటమే. నీకేది కావాలని ఎవరూ ఎవర్నీ అడగరు. ఏడేళ్లు ఆ సుద్దముక్క నా చేతిలో ఉంది.

ఏడాది కిందట ఒక పొద్దున్న ప్రెస్ మిషనువాడు రాలేదు. రేకులు నొక్కే పని ఆగిపోతుందని బావ అక్షరాన్ని లేత్ మీద చెరిపేసి ప్రెస్ మీద రాశాను. "నాకు ఇది అలవాటు లేదు బావా" అన్నాడు. "ఇందులో పనేటుంది, నిలబడితే సాలు. ఎడం సేత్తో బటన్ నొక్కు, కుడిసేత్తో రేకు పెట్టు. కుడి బటన్ పాడైపోనాది, దాని జోలికెళ్లకు" అన్నాను.

కుడి బటన్ పాడవలేదు. ఆ ప్రెస్‌కి రెండు బటన్లుంటాయి. రెండు చేతులూ రెండింటి మీదా ఉంటేనే పైనున్న దిమ్మ కిందికి దిగుతుంది, ఏ చెయ్యీ లోపల ఉండిపోకూడదని అలా చేస్తారు. పని వేగంగా సాగాలని, ఆ వేసవిలో ఆ బటన్ పెట్టె విప్పి రెండు వైర్లు కలిపేసింది నేను. అప్పటినుంచి ఒక్క చేత్తో నొక్కితే చాలు. ఒక చెయ్యి ఖాళీ అయింది. ఆ ఖాళీ అయిన చెయ్యే లోపలికి వెళ్లింది.

యజమాని అడిగితే, "చూసుకోలేదు సార్" అన్నాను. బావ కూడా అదే నమ్మాడు. ఆస్పత్రిలో, "ఇరవయ్యేళ్లు పనిసేసి పని తెలీని గుంటడి నాగ సెయ్యెట్టేసాను బావా" అన్నాడు నాతోనే. నేను అతని దుప్పటి సర్దాను.

రెండు చేతులూ వాడమని చెప్పే మిషన్ని మార్చేసినవాణ్ణి, ఆ ఆదివారం అతనికి రెండు చేతులూ వాడమని చెప్పాను.

బండి తీశాను. నాలుగున్నరకి కంచరపాలెంలో ఉన్నాను. తలుపు అక్క తీసింది.

"ఏటిరా ఇంతెండలో? ఆటలో మళ్లీ ఓడిపోయారేటి?" అంది. బావ ఆమెకి ఏమీ చెప్పలేదని అర్థమైంది. బావ కిటికీ పక్కనే ఉన్నాడు, ఫోను బోర్లా పెట్టి ఉంది.

"అలగన్నందుకు తప్పయిపోయింది బావా" అన్నాను.

"ఒగ్గెయ్. నవ్వులాటకి అన్నావు."

అక్కడితో ఆపేసి టీ తాగి వచ్చేయొచ్చు. అతనే దారి ఇచ్చాడు. ఏడాదిగా అలాంటి దారుల్లోనే తప్పించుకుంటూ వచ్చాను.

"కుడి బటన్ పాడవలేదు బావా. లోపల వైర్లు నానే కలిపేశాను."

గూడ్సు బండి ఒకటి వెళ్లింది. అదంతా వెళ్లేదాకా బావ కిటికీలోకే చూశాడు. తరవాత పనివాడు అడిగే ప్రశ్నే అడిగాడు.

"కలపకపోతే?"

"రెండు సేతులూ బటన్ల మీదుంటేనే దిగుద్ది."

బావ రెండు చేతులూ ముందుకి చాపి మంచం పట్టీ మీద జానెడు ఎడంగా పెట్టాడు, బటన్ల మీద పెట్టినట్టు. ఎడమచెయ్యి నిండుగా, కుడిచెయ్యి రెండు వేళ్లతో. వాటినే చూశాడు.

"అయితే సెయ్యి లోపలుంటే దిగదు."

"దిగదు."

"ఏడాదయ్యింది బావా" అన్నాడు మెల్లగా. "ఏడాదినించి రోజూ ఆ పొద్దుటికాడికెల్లి, సెయ్యి ఎక్కడ తప్పెట్టానో ఎతుక్కుంటన్నాను. ఇంత పనోణ్ణి, ఎలగ తప్పెట్టానని."

అక్క గుమ్మంలో ఉంది. చేతిలో నాకోసం తెచ్చిన టీ గ్లాసు. అంతా విన్నది. గ్లాసుతో వెనక్కి తిరిగి లోపలికి వెళ్లిపోయింది.

"నువ్వెల్లు బావా" అన్నాడు అతను. "బేగి ఎల్లు. నాకు కోపం రావడానికి ఇంకా టైం పడతాది. అప్పుడు నువ్విక్కడ ఉండొద్దు."

సోమవారం పొద్దున్న అందరికంటే ముందు వెళ్లి ప్రెస్ బటన్ పెట్టె విప్పాను. కలిపిన వైర్లు విడదీసి, దేని చోట దాన్ని బిగించాను. పనివాళ్లు వచ్చాక సుద్దముక్క జేబులోంచి తీయకుండానే అందర్నీ పిలిచి, యజమాని ముందే చెప్పాను. బావ చూసుకోకపోవడం వల్ల కాదు, నేను వైర్లు కలపడం వల్ల అతని వేళ్లు పోయాయి అన్నాను. ఆదివారం నేనన్న మాట విన్న ఇద్దరూ ముందు వరసలో ఉన్నారు. వెల్డరు తల వంచుకున్నాడు.

"ఇప్పుడెందుకయ్యా ఇదంతా?" అన్నాడు యజమాని. సుద్దముక్క ఆయనకే ఇచ్చేశాను. ఇప్పుడు ఆ ప్రెస్ మీద నేనే నిలబడుతున్నాను, రెండు చేతులతో. పని నెమ్మదిగా సాగుతోందని రోజూ ఎవరో ఒకరు అంటారు.

బావకి ఒక్క మెసేజి పెట్టాను. 'పాత మనిషిని చెరిపేసి కొత్తగా మొదలెట్టొచ్చు బావా. ఏది కావాలో నువ్వే నొక్కు. ఇష్టం లేకపోతే వద్దు.' జవాబు రాలేదు.

దళానికి పెద్దగా ఉండటం మానేశాను. ఆటలో ఖనిజం ఎవరైనా తవ్వొచ్చు, కానీ విసుగు పని కాబట్టి ఎవరూ తవ్వరు. నేను పని నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నానికి ముందు ఒక గంట కొండ దగ్గర తవ్వుతాను. తవ్విన ఇనుపరాయి మా దళం ఉమ్మడి పెట్టెలో వేస్తాను. పదకొండు రోజులు వేసింది వేసినట్టే ఉంది.

పన్నెండో రోజు సాయంత్రం అక్క ఫోను చేసింది. ఆ ఆదివారం తరవాత అదే మొదటిసారి. నన్ను తమ్ముడూ అనలేదు. "ఆయన ఫోన్లో పొద్దుట్నించి టంగు టంగుమని సుత్తి సప్పుడు వస్తంది. నీకు సెప్పమన్లేదు. నానే సెప్తన్నాను" అని పెట్టేసింది.

ఆట తెరిచి పెట్టె చూశాను. రాయి సగానికి సగం లేదు. దాని బదులు పెట్టెలో ఏమీ పెట్టలేదు. దళం జాబితాలో బావ పాత పేరు లేదు, కొత్త పేరేదో నేను వెతకలేదు. ఎవర్నీ అడగలేదు. కొండ దగ్గరికి వెళ్లి, ఆ ఖాళీ నిండేదాకా తవ్వి, తెచ్చి వేశాను.