గుట్ట మీది నుంచి పలికిన తాత కూత

మా చిన్నప్పుడు... నాచారం గుట్టల కింద మా గొర్రెల దొడ్డి ఉండేది. అటు ఫ్యాక్టరీ సైరన్ మోగగానే ఇటు తాత "హుర్ర్ర్... హోయ్" అని కూత వేసేవాడు. ఆ కూతకే మంద కదిలేది. తాతకు వాళ్ల నాయన నేర్పాడు... ఆయనకు వాళ్ల నాయన. మా కురుమల ఇళ్లలో ఇంటికో కూత. పక్కింటి కూతకు మన గొర్రె చెవి కూడా ఆడించదు.

ఇంకో కట్టడి కూడా ఉండేది. మనిషి పోతే, దినాలు అయ్యేదాకా అతని కూత ఇంట్లో ఎవరూ వేయకూడదు. వేస్తే... పోయినవాడు పలుకుతాడట.

ఒక వానాకాలం తాత పోయాడు.

ఇక చూడండి... మంద దొడ్డి దాటలేదు. మా చిన్నాయన కర్రతో అదిలించాడు, బతిమాలాడు, తిట్టాడు. ఆయన మాట పిన్నే వినదు, గొర్రెలు వింటాయా! తుమ్మ కొమ్మలు కొట్టి తెచ్చి వేస్తే మూతి పెట్టలేదు. తల్లులకు పాలు ఎండిపోయి ఒక పిల్ల చచ్చిపోయింది. అయినా ఒక్కటీ అరవలేదు... అన్నీ గుట్ట వైపే చూస్తూ నిలబడ్డాయి. నేను అటు వెళ్లడమే మానేశాను.

"ఇగ ఆగితే ఒక్కటి మిగలది. కటికాయనకు అప్పజెప్తనే అమ్మా" అన్నాడు చిన్నాయన.

ఆ పొద్దున ముసురు పట్టింది. నాయనమ్మ తాత గొంగడి కప్పుకుని, నా చేయి పట్టుకుని దొడ్డి దగ్గరికి నడిచింది.

"వద్దమ్మా... ఇంక దినాలు గాలే!" అని చిన్నాయన అడ్డం వచ్చాడు.

"పలికితే పలకనియ్యిరా. పరాయోడా ఏంది?"

అని కూత వేసింది. మా ఇంట్లో ఆడమనిషి కూత వేయగా వినడం అదే మొదటిసారి.

గుట్ట మీది నుంచి జవాబు వచ్చింది...

ప్రతిధ్వని అందామా? నాయనమ్మది సన్న గొంతు. వచ్చింది బొంగురు గొంతు... చివర్లో తాత బీడీ దగ్గుతో సహా.

మంద మమ్మల్ని రాసుకుంటూ గుట్టెక్కింది. వెనకే వెళ్లి చూస్తే మనిషి జాడ లేదు. గొర్రెలు ఒక బండ చుట్టూ తలలు వంచి మేస్తున్నాయి. నాయనమ్మ ఆ బండ వైపు చూసి, "పొద్దుగూకకముందే తోలుకరా" అని చెప్పి ఇంటికి మళ్లింది.

సాయంత్రం మంద తనంతట తానే వచ్చింది. ముందు ఎవరూ లేరు.

ఆ మంద ఇంకా కొన్నేళ్లు మాతోనే ఉంది. నాయనమ్మ ఆ కూత నాకు నేర్పింది. తర్వాత గుట్టలు పగలగొట్టారు, ప్లాట్లు చేశారు... మేత లేక మంద పోయింది. చిన్నాయన కూడా పోయాడు.

మొన్న మా మేనకోడలు ఫోన్ పట్టుకుని వచ్చింది. "అత్తా, మన కూత నీకొక్కదానికే వచ్చు. జర ఎయ్యి, రికార్డు జేస్కుంట" అంది. నోటిదాకా వచ్చింది... ఆగిపోయాను.

మీ ఇళ్లలోనూ ఇలా ఒక్కరి గొంతులోనే మిగిలిన పిలుపులు ఉంటే చెప్పండి... మీరు వేయగలుగుతున్నారా?

తాత పలుకుతాడని కాదు నా భయం... ఈసారి ఎవరూ పలకరేమోనని.