ఎలుకలకు పెట్టిన చేప

ఏటా మంచు పడబోయే ముందు ఓలింకా సంచీలో ఒక ఎండుచేప ముక్క వేసుకుని చెట్లు లేని టండ్రా బయల్లోకి వెళ్తుంది. ఖాళీ సంచీతో తిరిగొస్తుంది. ఊళ్లో మిగతా ఆడవాళ్లు వెళ్లేదీ ఆ రోజుల్లోనే, కాకపోతే వాళ్ల సంచులు నిండి వస్తాయి. "అందరూ ఎలుక కూడు తెచ్చుకోవడానికి పోతే, మా ఓలింకా ఎలుకలకే కూడు పెట్టడానికి పోతుంది" అని వెనకాల నవ్వుకునేవారు. ముందర కూడా నవ్వేవారు.

ఎలుక కూడు మా నది ఒడ్డు వాళ్లకు పండగ తిండి. టండ్రా ఎలుకలు చలికాలానికని తుంగ దుంపలు, పత్తిగడ్డి మొదళ్లు తీసుకొచ్చి నేల కింద పుట్టల్లో దాచుకుంటాయి. ఆడవాళ్లు పాదంతో నేలను తడుముకుంటూ నడుస్తారు. మెత్తగా దిగిన చోట కూర్చుని, వంపు కత్తితో నాచును మూతలా కోసి లేపుతారు. ఉన్నదాంట్లో సగమే తీసుకోవాలి. తీసుకున్నదానికి బదులు ఎండుచేప పెట్టి, మూత మళ్లీ మూసి రావాలి. ఓలింకాకు ఈ పని నేర్పింది వాళ్ల నాయనమ్మ. "ఎలుక ఇల్లు ఖాళీ చేసినవాళ్ల ఇల్లు ఖాళీ అవుతుందే పిల్లా" అని మూత మూసిన ప్రతిసారీ చెప్పేది.

ఓలింకా పంతొమ్మిదో ఏట వాసిలీని పెళ్లాడి ఈ ఊరొచ్చింది. మొదటి శరదృతువులో అత్తగారితో, ఆడబిడ్డ అకాఫియాతో కలిసి దుంపలకు వెళ్లింది. అప్పుడామెకు రెండో నెల. అకాఫియా సంచీ మధ్యాహ్నానికే నిండిపోయింది. కొత్తకోడలి సంచీ అడుగు కూడా నిండలేదు. చిన్న గుట్ట పక్కన ఒక్కతే ఉన్నప్పుడు పాదం కింద నేల మెత్తగా దిగింది. మూత లేపితే, కడిగి పెట్టినట్టు తెల్లటి దుంపలు. అత్తగారి ముందు తలెత్తుకోవాలన్న ఆశ కొద్దీ రెండు చేతులతోనూ మొత్తం తోడేసింది. చేప పెడదామని చూస్తే, దాన్ని దారిలోనే తినేసింది. ఖాళీ పుట్ట మీద మూత పెట్టి, నిండు సంచీతో నవ్వుకుంటూ వచ్చింది.

వసంతంలో ఆడపిల్ల పుట్టి నాలుగు రోజులు బతికింది. తర్వాత ఆ ఇంట్లో మళ్లీ ఉయ్యాల కట్టలేదు.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. మింగలేక కక్కలేక యాభై ఏళ్లు మోసింది. ఎలుకలు తన మీద పగ పట్టాయనుకుంది. ఆ గుట్ట దగ్గర ఎప్పటికైనా మళ్లీ ఒక నిండు పుట్ట కనిపిస్తే, అవి తనను క్షమించినట్టని గట్టిగా నమ్మింది. చచ్చేలోగా అదొక్కటి చూడాలన్నదే ఆమె కోరిక. అందుకే ప్రతి ఏడూ అక్కడికి చేప తీసుకెళ్లేది. పుట్ట ఉంటే అందులో, లేకపోతే నాచు కింద పెట్టి, దుంప ముట్టకుండా వచ్చేది.

వాసిలీ పడవలో తీసుకెళ్లేవాడు. "నువ్వు రాకు, ఒడ్డునే ఉండు" అనేది ఓలింకా. ఎందుకని అతనడగలేదు. పడవలో కూర్చుని టీ తాగుతూ ఉండేవాడు. మొదటి ఏడు ఆమె ఇంట్లో ఎవరూ తినని తోక ముక్క పట్టుకెళ్లింది. మరుసటి ఏటి నుంచి సంచీలో పొట్ట దగ్గరి కొవ్వు ముక్క ఉండేది, శుభ్రమైన గుడ్డలో చుట్టి. వాసిలీ కోసి పెట్టేవాడు. "దారిలో ఆకలేస్తుంది, తిను" అనేవాడు. ఆ ముక్క కోసం మా మగవాళ్లు అన్నదమ్ములతో కూడా పోట్లాడతారు. పిచ్చివాడు, నేను తింటున్నాననుకుంటున్నాడు అని ఓలింకా జాలిపడేది.

వాసిలీ చివరి రోజుల్లో ఒకసారి, ఆమె తిరిగొచ్చి పడవెక్కుతుంటే, "ఈ మధ్య నువ్వు కనబడట్లేదే ఓలింకా" అన్నాడు.

"ఎదురుగానే ఉన్నాను కదయ్యా!"

వాసిలీ నవ్వి మోటారు తిప్పాడు. ఆ చలికాలమే నది మీద మంచు విరిగి నీళ్లలో పడి చనిపోయాడు. ఇది జరిగి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి పొట్ట ముక్క తనే కోసుకుని, ఎవరి పడవో బతిమాలుకుని వెళ్తోంది. ఇంట్లో రెండు కప్పులున్నాయి. ఒకటే తడుస్తుంది.

ఈలోగా గుట్ట చుట్టూ విల్లో పొదలు లేచాయి. ఆమె కాపురానికి వచ్చినప్పుడు మడమ దాటని మొక్కలు మోకాలికి వచ్చాయి, నడుముకు వచ్చాయి, చివరకు తల దాటాయి. తుంగ చచ్చింది, పత్తిగడ్డి తెల్లదనం పోయింది. పుట్టలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పగ తీరలేదు, నన్ను చూసే వెళ్లిపోయాయి అనుకుంది ఓలింకా. పొదలు కొమ్మలతో మొహం గీరుతున్నా లోపలికి దూరి చేప పెట్టి వచ్చేది.

పోయిన వేసవి చివర నది దిగువ నుంచి ఆగ్నెస్ అనే మనిషి వచ్చింది. మావాళ్లే, మా మాటే. ఎలుకల లెక్క రాసే ఉద్యోగం. రేకు పెట్టెల్లో తిండి పెట్టి ఎలుకను పట్టడం, తూచి రాసుకోవడం, వదిలేయడం. "కొండను తవ్వి ఎలుకను పట్టారంటే విన్నాం. ఈవిడ పట్టిన ఎలుకను కూడా వదిలేస్తోంది" అని ఊరంతా వేళాకోళం. పుట్టలు వెనకటికి ఎక్కడెక్కడ ఉండేవో చెప్పమంటే పనులున్నాయన్నారు. ఓలింకాకు ఏ పనీ లేదు. వెంట వెళ్లి గుట్ట చూపించింది.

నాలుగు రోజులకు అక్కడి పెట్టెల్లో పడ్డవి ఎనిమిది. అన్నీ ఎర్రవీపువి.

"ఇవి పొదల్లో బతికే రకం అమ్మమ్మా. మొగ్గలు, పళ్లు తింటాయి. మనకు పనికొచ్చే దుంపలు దాచవు. దుంపల ఎలుకలకు తుంగ కావాలి. విల్లో నీడ పడి తుంగ పోయింది, దాంతో అవీ పోయాయి. అదిగో, పొదలు లేని ఆ తడి బయల్లో ఇంకా ఉన్నాయి."

ఓలింకా ఆ బయలు వైపు చూసింది. తర్వాత అడిగింది. "ఎవరైనా ఒక పుట్ట మొత్తం ఖాళీ చేస్తే? కోపంతో వెళ్లిపోవా?"

"ఒక్క పుట్టకా! దాంట్లోవి చలికాలంలో చచ్చిపోతాయేమో, పాపం. కానీ పక్కవి ఎండాకాలమంతా పిల్లల్ని కంటూనే ఉంటాయి. మరుసటేటికి అక్కడ ఇంకోటి కాపురం పెడుతుంది. కోపం కాదు అమ్మమ్మా, విల్లో. వేడి పెరిగింది, అవీ పెరిగాయి."

భారం దిగిపోవాలి నిజానికి. దిగలేదు. పగతోనైనా ఆ ఎలుకలు తనను తలుచుకుంటున్నట్టు ఉండేది ఇన్నాళ్లూ. ఇప్పుడు అదీ లేదు. పిల్ల ఎందుకు పోయిందో చెప్పేవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ లేరు. ఓలింకాకు తన బతుకులో అంత ఒంటరితనం ఎప్పుడూ అనిపించలేదు, వాసిలీని పూడ్చిన రోజున కూడా.

శనివారం ఆవిరి స్నానాల గదిలో ఆమె, అకాఫియా ఇద్దరే ఉన్నారు. వేడి రాళ్ల మీద నీళ్లు చల్లుతూ ఓలింకా మొదటిసారి నోరు విప్పింది. మొత్తం చెప్పింది.

అకాఫియా ముందు నవ్వింది. "ఓసి నీ! నేను మూడు పుట్టలు ఖాళీ చేశానే. ఆ రోజు నా సంచీ అంత తొందరగా ఎలా నిండిందనుకున్నావు? నాకు పదకొండుమంది మనవలు, ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాళ్లుంటారు. ఎలుకకు కోపం వస్తుందని ఇల్లు చీకటి చేసుకున్నదాన్ని నిన్నే చూశాను!"

ఓలింకా నవ్వలేదు. అకాఫియా గొంతు తగ్గించింది. "నాతో ఒక్క ముక్క అనలేకపోయావా మరదలా? పోనీ మా తమ్ముడితోనైనా?"

"నా వల్లే పోయిందని తెలిస్తే ఏమంటాడోనని, వదినా."

"వాడా? వాడేమంటాడే!" అంటూ అకాఫియా నీళ్లు చల్లింది. ఆవిరి లేచి ఇద్దరి మొహాలూ కనబడకుండా పోయాయి.

ఆగ్నెస్ వెళ్లిపోయే ముందు రోజు ఓలింకాను పడవలో గుట్ట వైపు తీసుకెళ్లింది. సంచీలో పొట్ట ముక్క ఉంది. వాసిలీ ఎప్పుడూ ఆపే చోటే పడవ ఆపించింది ఓలింకా. ఒడ్డున గోడ కట్టినట్టు విల్లో. ఆగ్నెస్ ఒక పాత ఫొటో తీసి చూపించింది. యాభై ఏళ్ల కిందట విమానంలోంచి తీసింది.

"ఇది మనమున్న చోటు. ఇది నీ గుట్ట. మధ్యలో చూడు, ఒక్క పొద లేదు. అరచేయిలా ఉంది. ఇక్కడ కూర్చుంటే అక్కడ మనిషి వంగినా లేచినా కనిపించేది."

"ఏదీ, మళ్లీ చెప్పు."

"ఇక్కడ కూర్చుంటే అక్కడంతా కనిపించేది అంటున్నాను. ఇప్పుడు పొదలు కమ్మేశాయి కానీ."

ఓలింకా చేయి ఫొటో మీదే ఆగిపోయింది. మొదటి ఏడు తోక ముక్క. మరుసటి ఏటి నుంచి పొట్ట ముక్క. వాసిలీ చూశాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చోవడం, మూత లేపడం, ఏమీ తీసుకోకుండా చేప పెట్టడం, కళ్లు తుడుచుకోవడం, అన్నీ టీ తాగుతూ ఇక్కణ్ణుంచి చూశాడు. పొదలు పెరిగి ఆమె కనబడకుండా పోయేదాకా ప్రతి ఏడూ చూశాడు. ఆమె చెప్పలేదు కాబట్టి అతను అడగలేదు. ఇంట్లో ఉన్నదాంట్లో మంచి ముక్క కోసి, ఆమె మొక్కు కోసం ఇచ్చాడు.

"దిగుదామా అమ్మమ్మా?"

"నువ్వెళ్లి నీ పెట్టెలు తెచ్చుకో. నేనిక్కడే కూర్చుంటాను."

ఆగ్నెస్ పొదల్లోకి పోయింది. పది అడుగులు వేసిందో లేదో, కనబడలేదు. ఓలింకా గుడ్డ విప్పి ముక్కను రెండుగా తుంచింది. ఒకటి పడవ అంచు మీంచి వంగి, విల్లో వేళ్ల దగ్గర పెట్టింది, ఎర్రవీపు ఎలుకలు తింటే తిననీ అని. రెండోది నోట్లో పెట్టుకుంది. కొవ్వు, ఉప్పు, పొగ వాసన.

"బాగుందయ్యా" అంది పైకే. నలభై ఏళ్లు అతను తినమని ఇచ్చిన ముక్కను ఆమె రుచి చూడడం అదే మొదటిసారి.