తొందరకు రెండు గీతలెక్కువ

1962 ప్రాంతం. సాగర్ డ్యాం కడుతున్న రోజుల్లో నేను మాచర్లలో సార్టింగ్ క్లర్కుని. వచ్చిన టపాను ఊళ్లవారీగా గూళ్లలోకి విడగొట్టడమే సార్టింగ్. అడ్రసు మీద చూపు పడితే చాలు, చెయ్యి దానంతటదే గూట్లోకి పోయేది. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

డ్యాం టపా మాత్రం మా ప్రాణం తీసేది. కూలీల క్యాంపుల్లో వీధులుండవు, ఇంటి నంబర్లుండవు. "ఏసోబు, డ్యాం" అని రాసి డబ్బాలో వేసేవారు. డ్యాం పక్కనే ఉన్న విజయపురి సౌత్‌లో ఏసోబూ అని కేకేస్తే పదిమంది పలుకుతారు. అందుకని నేనో ఉపాయం చేశాను. కార్డు మూలన రెండు గుత్తులుగా నిలువు గీతలు. మొదటి గుత్తి క్యాంపుకి: ఒక గీతంటే రాళ్ల పని, రెండంటే సిమెంటు, మూడంటే మట్టి పని. రెండో గుత్తి ఏ మేస్త్రీ ముఠాయో చెబుతుంది. చదువు రానివాళ్లూ గీయగలరు. అక్కడి పోస్ట్‌మన్ గీతలు చూసే దారి పట్టేవాడు.

ఒక ఉదయం పక్క ఊరి మరియమ్మ ఏడుస్తూ కౌంటర్ దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, పిల్లోడికి కడుపులో గడ్డంట. రేపే ఆపరేషన్ చెయ్యాలన్నారు. మా ఆయన రాకుండా కత్తి పెట్టనియ్యనని మా అత్త అడ్డం కూకుంది. కార్డేసి చానా రోజులైంది, మనిషి జాడ లేదు."

"గీతలు పెట్టావా?"

"పెట్టకేంది? తొందరగా పోవాలని మొదటి గుత్తిలో రెండు ఎక్కువే గీశా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎక్స్‌ప్రెస్ కవర్లకు స్టాంపులు ఎక్కువ అంటించడం ఆమె చూసింది. గీతలూ అంతేననుకుంది. ఆమె భర్త ఏసోబుది రాళ్ల పని, ఒక్క గీత చాలు; అది మూడయ్యేసరికి కార్డు మట్టి పని క్యాంపుకి పోయి, ఇంకో ఏసోబు చేతిలో పడుంటుంది.

కొత్త కార్డు రాసి, సరైన గీతలు గీసి, బస్సులో పోయే సంచిలో అన్నిటికన్నా పైన పెట్టాను. నా గీతల మీద నాకు నమ్మకమే. అయినా సంచి మూతి కట్టేముందు ఇంకోసారి లెక్కపెట్టుకున్నాను.

ఆ సాయంత్రం బస్సుకే ఏసోబు దిగాడు, ఒళ్లంతా రాతి దుమ్ముతో. మర్నాడు ఆపరేషన్ జరిగింది. పిల్లవాడు బతికాడు.

అప్పటినుంచి గీతలు గీసివ్వడంతో ఆగకుండా, ఏ గీత ఎందుకో కూడా విప్పి చెప్పేవాణ్ణి. మనం పెట్టిన గుర్తుకి భయంలో ఉన్న మనిషి తన అర్థం తాను చెప్పుకుంటాడని నేర్పింది మరియమ్మే.

పిల్లవాడు లేచి తిరుగుతున్నాక, ఏసోబు మళ్లీ డ్యాం పనికి పోయాక ఆమె ఇంకో కార్డు తెచ్చింది. గీతలు సరిగ్గా ఉన్నాయి.

"ఈసారి తక్కువే గీశా అన్నయ్యా," అంది నవ్వుతూ. "తొందరేముంది, పిల్లోడు బాగున్నాడని చెప్పటానికేగా."