కొంగు పట్టుకుని దాటిన కూడలి

మూడు నెలల్లో మున్సిపాలిటీకి నాలుగు అర్జీలు రాశాను. నా దస్తూరీ బాగుంటుందని పేరు. నా కోపం అంతకంటే బాగుంటుందని అప్పట్లో నా నమ్మకం. డెబ్బైల చివర, తిరుపతిలో మా ఇంటికి ఫర్లాంగు దూరంలో నాలుగు రోడ్లు కలిసే కూడలి ఒకటి ఉండేది. చిత్తూరు నుంచి వచ్చే బస్సులు, ఏర్పేడు వైపు పోయే లారీలు, స్టేషన్ నుంచి కొండదారి పట్టే జట్కాలు అన్నీ అక్కడే ఒకదాని మీదికొకటి వచ్చేవి. మనిషి దాటడానికి ఒక గీత లేదు, సైకిలు ఆగడానికి ఒక మూల లేదు. ఇదంతా అర్జీల్లో రాశాను. ఒక్క సంగతి మాత్రం రాయలేదు.

మా ఇంటామె ఆ కూడలి అవతలి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. రోజూ పొద్దున ఆమెను సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని స్కూలు దగ్గర దింపి, నేను ఆఫీసుకు పోయేవాణ్ణి. ఒక సోమవారం ఆలస్యమైంది. బస్సు వస్తోంది. అది రాకముందే దాటేయవచ్చని గట్టిగా తొక్కాను. డ్రైవరు బ్రేకు వేశాడు, నేను హ్యాండిల్ తిప్పేశాను, ఆమె కింద పడింది. కుడికాలు విరిగింది. ఆస్పత్రికి వచ్చి అడిగినవాళ్లందరికీ ఆ కూడలి అన్యాయంగా ఉందని చెప్పాను. పక్కన మంచం మీద ఆమె వింటూనే ఉంది.

కట్టు విప్పారు. కాలు అతికింది, కొంచెం కుంటు మిగిలింది. భయం మాత్రం పోలేదు. కూడలి దాకా నడిచేది, రోడ్డు అంచున నిలబడేది, చెమటలు పట్టి వెనక్కి వచ్చేసేది. రిక్షా పిలిస్తే ఎక్కి కూర్చుని, కూడలి కనిపించగానే దిగిపోయింది. ఇంతలో స్కూలు నుంచి కబురు వచ్చింది. నెలాఖరులోగా చేరకపోతే ఆ చోట్లో ఇంకొకరిని వేస్తారట. పదకొండేళ్లుగా ఒకటో తరగతి పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి ఆమె. వంటింట్లో బియ్యం ఏరుతూ, ఎవరూ వినడం లేదనుకుని, ఎక్కాలు పైకి చెప్పుకునేది. అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు. లేచి చేయి కడుక్కుని మూడో అర్జీ రాశాను.

నెలాఖరుకు ఇంకో నాలుగు రోజులుందనగా, నాలుగో అర్జీ ఇచ్చి మధ్యాహ్నం ఇంటికి వస్తే తలుపుకు తాళం. పక్కింటామె తొంగి చూసి, "పొద్దున్నే స్కూలు సంచి తగిలించుకోని పాయె గదప్పా" అంది. స్కూలుకు పరిగెత్తాను. రాలేదన్నారు. మళ్లీ వెనక్కి వచ్చాను. కూడలిలో సోడా అంగడాయన నా వాలకం చూసి, "మీ ఇంటామెనా? గుండ్లోళ్లతో సత్రం పక్కకి పాయె సామీ, నేను సూసినా" అని చేయి చూపించాడు.

సత్రం వసారాలో ఒక తమిళ పల్లె మొత్తం దిగి ఉంది. పసుపులో ముంచిన బట్టలు, గంధం పూసిన గుండ్లు. మధ్యలో మా ఇంటామె విస్తరి ముందు కూర్చుని పులిహోర తింటూ నవ్వుతోంది. ఆమె నవ్వి మూడు నెలలైంది.

జరిగింది ఇదీ. పల్లెల నుంచి వచ్చే యాత్రికులు తప్పిపోకుండా ఒకరి కొంగు ఒకరు, ఒకరి కండువా ఒకరు పట్టుకుని వరసగా నడుస్తారు. ముందున్న పెద్దాయన "గోవిందా" అని కేక వేస్తాడు, వెనక అందరూ అందుకుంటారు. ఆ కేక వింటే మా ఊళ్లో ఎంత తొందరలో ఉన్న డ్రైవరైనా ఆపేస్తాడు. ఆ పొద్దు రోడ్డు అంచున వణుకుతున్న ఈమెను చూసి, వరస చివర నడుస్తున్న ఒక ముసలామె తన కొంగు చాపి "పిడిచ్చుక్కోమ్మా" అందట, పట్టుకోమని. ఈమె పట్టుకుని కళ్లు మూసుకుంది. రోడ్డు దాటాక వదిలేయాలన్న సంగతే మరిచిపోయింది. స్కూలు దాటి, వీధి దాటి, సత్రం దాకా పోయింది. అక్కడ పెద్దాయన తలలు లెక్కపెడితే ఒకటి ఎక్కువ వచ్చింది. అదీ జుట్టున్న తల.

నాలుగు చీవాట్లు పెడదామనే లోపలికి పోయాను. ఆ ముసలామె నాకూ ఒక ఆకు వేసేసరికి కూర్చుని తిన్నాను.

మరునాడు ఇంకో వరస దొరికింది. ఈసారి స్కూలు గేటు దగ్గర జాగ్రత్తగా కొంగు వదిలి, లోపలికి పోయి ఉద్యోగంలో చేరింది. అక్కడితో ఆగలేదు. తొమ్మిదింటికల్లా సోడా అంగడి ముందు ఆమెతో పాటు ఇంకొందరు నిలబడడం మొదలైంది. పూలగంప ఆమె, చేతికర్ర పట్టుకున్న ఒక రిటైరైన గుమాస్తా, సైకిళ్లు దిగి నడిపించుకుంటూ ఇద్దరు కాలేజీ అమ్మాయిలు. యాత్రికులు రాని రోజు వీళ్లే కొంగులూ తువ్వాళ్లూ పట్టుకుని వరస కట్టేవారు. ముందు మా ఇంటామె. అల్లరి చేసే క్లాసును కూర్చోబెట్టే గొంతుతో "గోవిందా" అనేది.

నేను మాత్రం ఆ వరసలో చేరలేదు. "దేవుడి పేరు రోడ్డు దాటేదానికా?" అని ఎకసెక్కాలాడాను.

"ఆయనకు లేని బాధ మీకెందుకు?" అంది.

నేను సైకిలు మీద విడిగా, ఇంకో పక్కనుంచి దాటేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆమె వెనక నిలబడడానికి నాకు సిగ్గు. పడేసింది నేను, దాటించింది ఎవరో ఊరూ పేరూ తెలియని ముసలామె.

వానలు మొదలయ్యే ముందు, నా అర్జీల కట్ట చంకలో పెట్టుకుని ఓవర్సియర్ వచ్చాడు. నన్ను కూడలికి పిలిపించి, "నాలుగు అర్జీలు రాసినారు, బాగనే ఉండాది సార్. జనం యాడ దాటతారో ఒక్కదాంట్లోనూ రాయలేదే. యాడ గీయమంటారు?" అన్నాడు. నిజమే. పేజీలకు పేజీలు కోపం రాశాను గానీ చోటు రాయలేదు. జనం నాలుగు పక్కలా దాటే చోట ఏది చూపించాలో తెలియక ఒకసారి అటు, ఒకసారి ఇటు చేయి చూపించాను. అంతలో సోడా అంగడి దగ్గర గోవింద వినిపించింది. వరస రోడ్డెక్కింది. బస్సులు ఆగాయి. ఓవర్సియర్ టేపు కూడా తీయలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి, వాళ్లు నడిచిన చోటే అటొకటి ఇటొకటి గుర్తు పెట్టాడు. రోడ్డు మధ్యలో దిమ్మె మీదికి సైకిళ్లు ఎత్తి దించలేక చస్తున్నామని కాలేజీ అమ్మాయిలు చెబితే, అక్కడ సైకిలు పట్టేంత సందు కొట్టిస్తానన్నాడు. అన్నట్టే కొట్టించాడు.

పదిరోజులకు తెల్లచారలు పడ్డాయి. ఆ పొద్దు తుంపర. యాత్రికులు లేరు, వరసలో వాళ్లూ ఎవరూ రాలేదు. సోడా అంగడి ముందు ఆమె ఒక్కతే నిలబడి ఉంటే నేను సైకిలు దిగి పక్కన నిలబడ్డాను. దూరంగా చిత్తూరు బస్సు వస్తోంది. సంచి మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి.

"ఆ పొద్దు బస్సు నాకు కనపడింది," అన్నాను. "చూసే తొక్కినాను. తప్పు కూడలిది కాదు. నాది."

"తెలుసు," అంది. "వెనక కూర్చున్నదాన్ని, నాకూ కనపడింది. మీ నోటితో ఎప్పుడు చెప్తారా అని చూస్తా ఉండాను."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె అది చూడనట్టు కొంగు చాపింది.

"పట్టుకోండి. సైకిలు ఆ చేత్తో నడిపించుకోండి. నేను ముందర నడుస్తా."

పట్టుకున్నాను. ఆమె అతికిన కాలు మొదటి చార మీద పెట్టి "గోవిందా" అంది. వెనక అందుకోవడానికి ఆ పొద్దు నేనొక్కణ్ణే ఉన్నాను. సోడా అంగడాయన చూస్తున్నాడని కూడా లెక్కచేయకుండా గొంతు చించుకుని అందుకున్నాను. చిత్తూరు బస్సు ఆగింది, మేమిద్దరం దాటాం.